మజ్జిగతో పాటు ఒక అర్జీ

ప్రశ్న: ఎండాకాలంలో ఆసుపత్రి ఎదుట ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లకు మేం కుర్రాళ్లం మజ్జిగ పోస్తున్నాం. ఇంతకు మించి ఏం చేయగలం?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు రాత్రి పదకొండింటికి ఆ ఫుట్‌పాత్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. పగలంతా తాగిన ఎండను సిమెంటు అప్పుడు కక్కుతుంటుంది. ఇల్లున్నవాళ్లకు కూలర్ ఉంది, ఫుట్‌పాత్ వాళ్లకు ఆ వేడే పరుపు. అందుకే గూడు లేకపోవడాన్ని పర్యావరణ అన్యాయం అంటున్నాం.

2010లో ఎంతోమందిని బలిగొన్న ఎండల తర్వాత అహ్మదాబాద్ 2013లో వడగాడ్పుల ప్రణాళిక తెచ్చుకుంది. అలాంటివి ఇప్పుడు మనకూ ఉన్నాయి. కానీ గూడు లేనివాళ్లకు ఎండలో తలదాచుకునే చోటు కావాలి. షెల్టర్ అనగానేమో మనవాళ్లకు చలికాలం, దుప్పట్లే గుర్తొస్తాయి. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్, అదీ ఏడాది పొడవునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ‘నైట్ షెల్టర్’ అని పిలిచి పొద్దున్నే తాళం వేస్తే మిట్టమధ్యాహ్నం వాళ్లెక్కడికి పోవాలి?

మీ మున్సిపల్ సర్కిల్‌లో షెల్టర్లెన్ని, పగలు తెరుస్తున్నారా, ఫ్యాన్లు, తాగునీళ్లు ఉన్నాయా అని సమాచార హక్కు కింద అడగండి. రుసుము పది రూపాయలే. జవాబు వచ్చాక, షెల్టర్లు పగలూ తెరవాలని ఒక అర్జీ రాయండి. దాని మీద ఫుట్‌పాత్ వాళ్ల వేలిముద్రలూ ఉండాలి. ఎండలు ముదరకుండా, మార్చి రాకముందే ఇవ్వండి.