రైట్ ఆఫ్ అయిన కారులో మనదేది, కంపెనీదేది?

చచ్చిన బర్రెకు పాలెక్కువ అని మన సామెత. రెండేళ్ళ క్రితం రెడింగ్ దగ్గర ఎం4 మీద ఒక వ్యాను నా కారుని వెనకనుంచి గుద్దినప్పుడు ఇది నాకు బాగా బోధపడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారు పాతది కావడంతో ఇన్సూరెన్స్ వాళ్ళు "రైట్ ఆఫ్" అనేశారు. మూడు వారాల ముందే నాలుగు కొత్త టైర్లూ, బ్యాటరీ వేయించాను. అవి విప్పి తెచ్చుకుంటానని ఫోన్ చేస్తే, "నిన్ననే సెటిల్‌మెంట్‌కి ఒప్పుకున్నారు కదా, ఇప్పుడు ఆ కారు మాది" అన్నారు. తప్పు వాళ్ళది కాదు, పాలసీ చదవని నాది. మీకు ఆ అవస్థ రాకూడదనే ఈ వ్యాసం.

నాలుగు కేటగిరీలు

రైట్ ఆఫ్ అంటే కారు తుక్కయిందని కాదు. బాగుచేసే ఖర్చు కారు విలువతో పోలిస్తే గిట్టుబాటు కాదని అర్థం. బ్రిటిష్ ఇన్సూరర్ల సంఘం (ఏబీఐ) నియమావళి ప్రకారం 2017 అక్టోబర్ 1 నుంచి నాలుగు కేటగిరీలున్నాయి. పాత సి, డి ల స్థానంలో ఎస్, ఎన్ వచ్చాయి.

ఎ: కారు మొత్తం నలిపెయ్యాల్సిందే. ఒక్క భాగం కూడా తీయకూడదు.
బి: బాడీ షెల్ నలిపెయ్యాలి, పనికొచ్చే భాగాలు తీసుకోవచ్చు. పాత సర్వర్ పారేస్తూ మెమరీ కార్డులు దాచుకోవడం లాంటిది.
ఎస్: ఛాసీ వంటి నిర్మాణ భాగాలు దెబ్బతిన్నాయి, కానీ బాగుచేయొచ్చు.
ఎన్: నిర్మాణం బాగానే ఉంది. అయితే బ్రేకులు, స్టీరింగ్ పాడై ఉండొచ్చు. ఎన్ అంటే భద్రమని అనుకోకండి.

ఎ, బి కార్లు మళ్ళీ రోడ్డెక్కకూడదు. వాటిని కంపెనీలు సాధారణంగా మన చేతికివ్వవు. ఎస్, ఎన్ అయితే కారు మేమే ఉంచుకుంటామని అడగొచ్చు.

లెక్క ఎలా?

కారు మార్కెట్ విలువ 4,000 పౌండ్లు, ఎక్సెస్ 250, సాల్వేజ్ విలువ 800 అనుకుందాం. కారు ఇచ్చేస్తే మీకొచ్చేది 3,750. ఉంచుకుంటే 2,950. అంటే మీ కారునే మీరు 800 పౌండ్లకు తిరిగి కొంటున్నారు. ఆ టైర్లూ బ్యాటరీ అంత విలువ చేస్తాయా? నా విషయంలో చేయవు. పైగా భాగాలు విప్పేటప్పుడు కారుని సోర్న్ చేసి రోడ్డు మీద కాకుండా ఉంచాలి, ఆయిలు నేలలోకి ఇంకకూడదు. మిగిలిన గుల్లని అనుమతి ఉన్న తుక్కు కేంద్రానికే ఇవ్వాలి. ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలు లేకపోతే వాళ్ళు ఎదురు డబ్బడగొచ్చు. ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్ టెన్షనర్‌లలో పేలుడు పదార్థం ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు కూడా అంతే.

ఒకటి రెండు భాగాలే కావాలంటే, సెటిల్‌మెంట్‌కి ఒప్పుకోకముందే ఈమెయిల్‌లో అడగండి. చెప్పకుండా విప్పితే ఆ మేరకు సొమ్ములో కోత పడొచ్చు.

అడగక్కర్లేనివి

మీ సామాన్లు మీవే: డాష్‌క్యామ్, దాని మెమరీ కార్డ్, పాప సీటు, డిక్కీలోని వస్తువులు. ప్రమాదంలో ఉన్న పాప సీటు మళ్ళీ వాడకండి. కొత్తదానికి చాలా పాలసీలు డబ్బిస్తాయి. ఫ్యాన్సీ నంబర్ ఉంటే కారు తుక్కు కాకముందే డీవీఎల్ఏకి 80 పౌండ్లు కట్టి దక్కించుకోవాలి.

మన వృత్తివాళ్ళం కూడా మరిచేది ఇంకొకటుంది, డేటా. కారు స్క్రీన్‌లో మీ ఇంటి చిరునామా, ఫోన్‌లోని పేర్లు, కాల్ లిస్టు ఉంటాయి. ఆ కారు వేలంలో ఎవరి చేతికి వెళుతుందో తెలియదు. వీలైతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. కరెంటు లేకపోతే ఫోన్ యాప్ నుంచైనా కారుని తొలగించండి.

కాగితాలు

కారు ఇచ్చేస్తే లాగ్‌బుక్ (వి5సి) కంపెనీకి పంపి, అందులోని పసుపు భాగం మీ దగ్గర ఉంచుకోండి. రైట్ ఆఫ్ అయిందని డీవీఎల్ఏకి చెప్పకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా. చెబితే మిగిలిన పూర్తి నెలల రోడ్ ట్యాక్స్ తిరిగొస్తుంది. ఎస్ కారు ఉంచుకున్నవారు లాగ్‌బుక్ మొత్తం కంపెనీకి పంపి, వి62 ఫారంతో ఉచితంగా ఇంకొకటి తెప్పించుకోవాలి. ఫైనాన్స్‌లో ఉన్న కారైతే అసలు ఓనరు ఫైనాన్స్ కంపెనీ, ముందు వాళ్ళనడగాలి.

ఇచ్చిన ధర తక్కువనిపిస్తే మొదటి మాటకే తలూపకండి. అదే మోడల్, అంతే వయసు, అన్నే మైళ్ళు తిరిగిన కార్ల ప్రకటనలు నాలుగైదు సేకరించి పంపండి. ఫిర్యాదు చేశాక ఎనిమిది వారాల్లో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్‌కి ఉచితంగా వెళ్ళొచ్చు. నేను ఆరు ప్రకటనలు పంపితే ధర 350 పౌండ్లు పెరిగింది. టైర్లకోసం దిగులుపడటం అక్కడితో మానేశాను.