కాలువ అడుగున ప్రాకు ఉప్పునీరు

సముద్రతీర ప్రాంతపు రైతులు కాలువ నీటిని దోసిట పట్టి రుచిచూచి, తియ్యగా నున్నదని నమ్మి నారుమళ్లకు పెట్టుట కలదు. పైనీరు మంచిదైనను అడుగునీరు ఉప్పనిదై యుండవచ్చును. ఇందువలన నారంతయు మాడిపోవు ప్రమాదము గలదు.

దీనికి కారణము బరువు. మంచినీరు 40 శేర్లు తూగు పాత్రలో సముద్రజలము సుమారు 41 శేర్లు తూగును. ఈ స్వల్పభేదమే ఉప్పునీటిని అడుగునకు దింపును. గాజుపాత్రలో సగము మంచినీరు పోసి, సిరా కలిపిన ఉప్పునీటిని పాత్ర అంచు వెంట మెల్లగా జారవిడిచినచో, రంగునీరు అడుగున వేరుగా నిలుచుట కానవచ్చును. గరిటెతో త్రిప్పిన పిమ్మట రెండును ఏకమగును. మరల ఎంతకాలము కదలక యుంచినను విడిపోవు.

కాలువలోను ఇట్లే జరుగును. లోతు తక్కువగా నుండి నీరు వడిగా పారునపుడు అడుగు రాపిడికి సుడులు పుట్టి రెండు నీళ్లును కలియును. ప్రవాహము మందగించినపుడు ఉప్పునీరు మేకు మొనవలె సన్ననై, మంచినీటి క్రిందుగా ఎగువకు ప్రాకును. కొల్లేటి నీటిని బంగాళాఖాతమునకు చేర్చు ఉప్పుటేటిలో, వేసవిని ఎగువనుండి దిగు నీరు తగ్గినపుడు, సముద్రపు పోటుతో ఉప్పునీరు లోనికి వచ్చుట ఇందుకు నిదర్శనము.

ఒక లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల ఉప్పుండును. కావున 20 కుండల నీటిలో ఒక కుండ సముద్రజలము చేరినను ఆ నీరు వరికి హానిచేయు హద్దునకు వచ్చును. లేత నారును, పూతకు వచ్చిన పైరును ఉప్పునకు త్వరగా లొంగును.

కావున రైతులు ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలయును.

1. బిరడా బిగించిన సీసాకు రాయి కట్టి కాలువ అడుగునకు దింపి, బిరడాకు కట్టిన త్రాడును లాగి, అడుగునీటిని పట్టి పరీక్షింపవలయును.

2. నీరు తోడు యంత్రపు గొట్టము మూతిని అడుగున నుంచక, పైపొరలోనే యుంచి మెల్లగా తోడవలయును.

3. పోటు రాకముందే తూము తలుపులు మూసి, బయటి నీరు లోపలి నీటికంటె దిగిన పిమ్మటనే తెరువవలయును.

4. కాలువ ముఖమును అవసరమునకు మించి లోతు చేయరాదు. లోతు పెరిగినకొలది ఉప్పునీరు మరింత దూరము లోనికి చొచ్చును.

పైనీటి రుచి ఒక్కదానినే నమ్మక, అడుగునీటిని చూచిన పిదపనే మడికి నీరు పెట్టుట క్షేమము.