శిక్షకుని స్థానము ఖాళీయైనప్పుడు

ఆటలో గెలిచినచో జనులు ఆటగాండ్రను భుజములపై నెత్తుకొందురు. ఓడినచో మైదానపు గట్టున నిలిచిన యొక్కనివైపు వ్రేలు చూపుదురు. ఆ యొక్కడే శిక్షకుడు. మన సీమలో నాతనిని ఉస్తాదనుటయు కలదు. అతడు పోయి మఱియొకడు వచ్చునప్పుడు జట్టున కేమి సంభవించును? ఈ ప్రశ్నము ఆటకు మాత్రమే చెందినది కాదు. పాఠశాలకును, సంఘమునకును, కుటుంబమునకును చెందినది. కావున దీనినిచ్చట విచారింపదలచితిమి.

అమెరికా దేశమున కోలబంతితో నాడు ఫుట్‌బాల్ కలదు. అది మన బాలురాడు ఆటవంటిది కాదు. బంతిని చేతబట్టుకొని పరుగిడుదురు. అందు వృత్తి జట్లు 32. ఏటేట నియమిత పోటీలు ముగిసిన మఱునాటి సోమవారమును వారు నల్ల సోమవారమందురు. ఏలయన ఓడిన జట్ల యజమానులు తమ ప్రధాన శిక్షకులను సామాన్యముగా నాడే తొలగింతురు. అయినను అందొక జట్టు భిన్నమార్గమున నడిచినది. పిట్స్‌బర్గ్ జట్టునకు 1969 మొదలు 2024 వరకు శిక్షకులు ముగ్గురే: చక్ నోల్, బిల్ కౌహర్, మైక్ టామ్లిన్. నోల్ వచ్చిన మొదటి యేట జట్టు 14 ఆటలలో 13 ఓడెను. అయినను యజమానులు ఓర్చుకొనిరి. పిదప ఆతని శిక్షణలో ఆ జట్టు నాలుగుమారులు సర్వోత్తమ విజయమును పొందెను. ఆ జట్టు యజమానియగు రూనీ పేరనే 2003లో నొక నియమ మేర్పడినది: ఖాళీ స్థానము నింపునప్పుడు అల్పసంఖ్యాక జాతులవారిని గూడ పిలిచి విచారింపవలెను. ఎవరిని తీసివేయుదుమనుటయే గాక, ఎవరిని పిలువక విడిచితిమనుటయు న్యాయవిచారమే కదా!

దూరదేశపు మాట యట్లుండ, మన హైదరాబాదు కథను చూతము. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదునందు జన్మించెను. వృత్తిచే నాతడు బడిపంతులు. బోధించు చేతులతోడనే హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా నైదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. బంతిని తనయొద్దనే యుంచుకొని తిప్పరాదను నియమముతో నొక పోటీ, బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమముతో మఱియొక పోటీ పెట్టి, బాలురకు సహకారమును, సమబలమును నేర్పెను.

ఆతడు శిక్షకుడుగా 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతజట్టు ఇరానును 1-0తో నోడించి స్వర్ణపతకము నందెను. మఱుసటి యేట హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేత 10-1తో నోడెను. మన యాటగాండ్రలో పెక్కురు ఆ యాటను పాదరక్షలు లేకయే ఆడియుండిరి. అంతటి యోటమి పిమ్మట ఆ శిక్షకునికిక నవకాశ ముండదని యెవరైన తలచియుందురు. కాని 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు జట్టును మరల నాతనికే యప్పగించిరి. అచ్చట ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, భారతజట్టు నాలుగవ స్థానమున నిలిచెను. ఓటమినుండి పాఠము నేర్చినవానికి మఱియొక యవకాశ మిచ్చుట దయ మాత్రమే కాదు, వివేకమును.

1962లో జకార్తా ఆసియా క్రీడల మొదటి యాటలో దక్షిణ కొరియా మనలను 2-0తో నోడించెను. నడుమ నొక యాటలో రక్షకుడగు జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. రహీం ఆతనిని వెనుక నుంచక ముందువరుసకు పంపెను. సెప్టెంబరు 4వ తేదీన ఆ కొరియాజట్టునే 2-1తో గెలిచితిమి. ఒక గోలు పి.కె. బెనర్జీది, ఒకటి జర్నైల్ సింగుది. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. తొమ్మిది నెలలు గడచెనో లేదో, 1963 జూన్ 11న రహీం కేన్సరు వ్యాధిచే మరణించెను.

స్థానము ఖాళీయయ్యెను. ఆంగ్లేయుడగు హ్యారీ రైట్ శిక్షకుడై రాగా 1964 ఆసియా కప్పులో భారతజట్టు రెండవ స్థానము నందెను. 1970లో బాంకాక్ క్రీడలలో కాంస్యపతకము వచ్చినప్పుడు జట్టు నాయకుడు హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీన్. శిక్షకులలో నొకరు జకార్తాలో గోలు వేసిన పి.కె. బెనర్జీయే. గురువు నాటిన విత్తన మంతవరకు ఫలించినది. కాని 1962 తరువాత 2023 వరకు జరిగిన యే ఆసియా క్రీడలలోను ఫుట్‌బాల్ స్వర్ణము మనకు రాలేదు. ఇందుకు కారణము లనేకములు. ఒక్కని మరణమే కారణమనుట తగదు. ఇతర దేశములు విద్యను పెంచుకొన్నవి. మనము వ్యక్తిని పొగడి యూరకుంటిమి.

ఇటీవలి నిదర్శన మొకటి కలదు. 2019లో నేర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. జట్టు తొలియేట పట్టికలో నడుగున నుండగా, 2020 జనవరిలో శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను తొలగించిరి. తరువాత వచ్చిన స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ యువకులను నమ్మి, 2022 మార్చి 20న గోవాలో జట్టును దేశవిజేతను చేసెను. 2023లో నాతడు వెడలెను. ధనపుటిబ్బందులలో జట్టు మరుసటి పోటీలలో కట్టకడపటి స్థానమునకు దిగెను. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయెను. శిక్షకుడు మారినంత మాత్రమున జట్టు నిలువదు. వెనుకనున్న యిల్లు గట్టిగా నుండవలెను.

మన పల్లెలలో చెరువు తూమును నడుపు నీరటి యే పొలమున కెన్నడు నీరు పోవలెనో యెఱుగును. ఆ యెఱుక కుమారునికి చెప్పకయే కన్నుమూసినచో చెరువు నిండియుండియు మడులెండును. మోషే తన జీవితకాలముననే యెహోషువను జనుల యెదుట నిలిపెనని మన పరిశుద్ధ గ్రంథము తెలుపుచున్నది. ఆ ముందుచూపే గురువునకు నిజమైన పరీక్ష.

విద్యార్థులారా! మీకు ఆట నేర్పిన యుపాధ్యాయుడు బదిలీయై పోవును. నెలలకొలది మఱియొకరు రాకయుండవచ్చును. అట్టి సమయమున బంతి యటుకమీద ధూళి పట్టరాదు. పదవ తరగతివాడు ఏడవ తరగతివానికి తాను నేర్చినది నేర్పవలెను. తలిదండ్రులారా! ఒక యోటమికే గురువును నిందింపకుడు. సహోపాధ్యాయులారా! మన వెనుక వచ్చువానికి పని సులభమగునట్లు విడిచిపోవుదము. మన స్థానము ఖాళీయైననాడు మైదానము ఖాళీ కాకుండుటయే మనము కోరదగిన బహుమానము.