అక్క సర్టిఫికెట్లు ఆగాయి, చెల్లిని చదివించాలా?

ప్రశ్న: మాది వీపనగండ్ల. కూలి పని. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పెద్దమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్లు ప్రైవేటు కాలేజీవాళ్లు ఇవ్వట్లేదు. చిన్నది ఇంటర్ పాసైంది. దాన్ని చదువు మాన్పించాలా? - ఒక తండ్రి

జవాబు: మాన్పించకండి, ప్రభుత్వ కాలేజీలో చేర్చండి. డిగ్రీ సీట్లు మిగిలిపోతుంటే పిల్లలకు ఆసక్తి లేదంటారు. నేనొప్పుకోను, అడ్డం డబ్బే. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రీయింబర్స్‌మెంట్ బకాయి పడ్డప్పుడల్లా భారం మోసేది మీలాంటి ఇళ్లే. కలిగినవాళ్లు ఫీజు కట్టేసి కాగితాలు తీసుకెళ్తారు.

తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్ 'దోస్త్'లో మొదటి ఆప్షన్‌గా వనపర్తి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ పెట్టండి. అమ్మాయి ఆధార్‌కు మీ చేతిలో ఉన్న ఫోన్ నంబరే లింకై ఉందా? ఓటీపీ పాత నంబరుకు పోతే అక్కడే ఆగిపోతారు. ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ఇప్పుడే తీయించండి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. బస్సు వేళలు మాత్రం కనుక్కోండి.

పెద్దమ్మాయి సంగతికొస్తే, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే ఆ నకలు జతచేసి పాలమూరు యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి.