అండమాన్ వెళ్లే మేనకోడలికి

గవరపాలెం, అనకాపల్లి



కనుమ వెళ్లాక నువ్వూ నీ స్నేహితురాళ్లూ అండమాన్ బయల్దేరుతున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. ముందు చివరి రోజు మార్చు. పొద్దున స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా డైవింగ్, అవగానే పడవ, సాయంత్రం విమానం అని రాశావు. అది కుదరదమ్మా. కుదిరినా చెయ్యకూడదు.

గాలి ఎక్కువైతే అక్కడ పడవలు ఆపేస్తారు. ఆపిన పడవ సాయంత్రానికి కదలొచ్చు, మర్నాటికీ కదలకపోవచ్చు. విమానం మాత్రం మీకోసం ఆగదు. అంతకన్నా ముఖ్యమైనది ఒంటి సంగతి. నీటి అడుగున ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. అది మెల్లగా బయటకు పోవాలి. పోకముందే విమానం ఎక్కితే పైన గాలి ఒత్తిడి తగ్గి, ఆ వాయువు ఒంట్లో బుడగలు కడుతుంది. ప్రాణం మీదికి రావచ్చు. అందుకని డైవింగ్‌కీ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు ఉంచుకో. డైవింగ్ ముందు రోజుల్లో ముగించి, ఆఖరి రాత్రి శ్రీ విజయపురంలో పడుకోండి. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్‌బ్లెయిర్ అన్న ఊరే అది. టికెట్ల మీద, జనం నోట ఇంకా ఆ పాతపేరే వినిపిస్తే కంగారు పడకు. హేవ్‌లాక్, స్వరాజ్ ద్వీప్ ఒకటే. నీల్, షహీద్ ద్వీప్ ఒకటే.

అలా మిగిలిన రోజు శ్రీ విజయపురంలోని సెల్యులార్ జైలుకి ఇవ్వు. 1896లో మొదలుపెట్టి 1906లో కట్టడం ముగించారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. ఒక రెక్కలోని గదుల తలుపులు ఎదుటి రెక్క వీపుకేసి చూస్తాయి. ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనపడకుండా అలా కట్టారు. ఒక గదిలోకి వెళ్లి, కాసేపు మాట్లాడకుండా నిలబడు. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.

దసరా సెలవులకు కాకుండా జనవరికి పెట్టుకోవడం చాలా మంచి పని. దసరా రోజుల్లో బంగాళాఖాతాన్ని నమ్మలేం. 2014 అక్టోబరులో మన పెంకులు లేపి, చెట్లన్నీ పడగొట్టిన హుద్‌హుద్ తుపాను పుట్టింది ఉత్తర అండమాన్ సముద్రంలోనే. 8వ తేదీన ఆ దీవుల మీదుగా దాటింది, 12న విశాఖ దగ్గర తీరం తాకింది. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది.

ఓడలో వెళ్లాలని నీకు సరదాగా ఉందన్నావు. విశాఖ నుంచి ఓడ ఉంది కానీ వారం వారం ఉండదు, రెండు రోజులకు పైనే పడుతుంది, తేదీలు మారుతుంటాయి. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లే మీకది కుదరదు. విశాఖ నుంచి విమానం సరైన ధరకి దొరక్కపోతే అనకాపల్లిలో రైలెక్కి చెన్నై వెళ్లి, అక్కణ్ణుంచి ఎగరండి. చెన్నై నుంచి ఒక్క పూటలో చేరిపోతారు.

ఇక సముద్రంలో దిగడం గురించి. ఇది మాత్రం నీ స్నేహితురాళ్లందరికీ చదివి వినిపించు. 2022 జూలైలో పూడిమడక తీరంలో మన అనకాపల్లి ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. నీకంటే పెద్దవాళ్లేం కాదు. ఒడ్డున నిలబడి పదినిమిషాలు అలల్ని చూడు. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం విరగకుండా, నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తాయి. అందరూ అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లు లోపలికి తిరిగి పోయే దారి అదే. అందులో చిక్కితే ఎంత గొప్ప ఈతగాడైనా ఎదురీది ఒడ్డుకు రాలేడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి, ఆ లాగుడు తప్పాక ఒడ్డుకు మళ్లాలి. ఈత రాకపోతే మోకాలి లోతు దాటొద్దు. లైఫ్‌గార్డ్ వద్దన్నచోట అసలు దిగొద్దు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. మడ అడవుల పక్కన, వాగు సముద్రంలో కలిసేచోట నీళ్లలో కాలు పెట్టకండి.

స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరం పడమటి వైపు ఉంది కాబట్టి సూర్యాస్తమయం బాగుంటుంది. కానీ జనవరిలో అక్కడ పొద్దు మనకన్నా దాదాపు అరగంట ముందే, ఐదుంపావు దాటగానే వాలిపోతుంది. మధ్యాహ్నమే వెళ్లి, తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి. పొద్దున కూడా త్వరగా తెల్లారుతుంది, లేవండి.

నగదు దగ్గర పెట్టుకో. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ మెరుగుపడింది గానీ చిన్న దీవుల్లో ఫోన్‌పే మీదే ఆధారపడలేం. ఆధార్ అసలు కార్డే తీసుకెళ్లు. పడవలో కడుపు తిప్పకుండా మాత్ర డాక్టరుగారిని అడిగి రాయించుకో, ఎక్కాక కాదు, అరగంట ముందు వేసుకో. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవద్దు. చచ్చిన పగడం తెచ్చినా నేరమే.

భాషకి బెంగపడకు. 2011 లెక్కల ప్రకారం అక్కడ వందమందిలో పదమూడుమంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్‌లో పాతుకుపోయాయి. అక్కడ చేపల పులుసు తిని, వాళ్లతో కాసేపు మాట్లాడు. సముద్రం ఆ రోజు ఎలా ఉందో వాళ్లకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

నీ ప్లాన్‌లో బారాటాంగ్ కూడా ఉంది. అక్కడి సున్నపురాయి గుహలు చూడదగ్గవే. కానీ ఆ దారి జారవా ప్రజల అడవి మధ్యనుంచి పోతుంది. వాళ్లు కొన్ని వందలమందే. 1990ల చివర్లో బయటివాళ్లతో కలవడం మొదలయ్యాక తట్టులాంటి రోగాలు సోకి బాధపడ్డారు. వాళ్లని ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం చట్టరీత్యా నిషిద్ధం. అయినా ఆ దారిన పోయే వాహనాల వరుసలో కూర్చున్నవాళ్లలో చాలామంది కళ్లు గుహల కోసం కాదు, వాళ్లకోసమే వెతుకుతాయి. మనుషుల్ని అలా చూడ్డానికి మన ఇంటి పిల్ల వెళ్లడం నాకిష్టం లేదు. ఆ రోజు తీసేసి షహీద్ ద్వీప్‌లో గడపండి. తోటివాళ్లు పట్టుబడితే నేను చెప్పానని కాదు, నీ మాటగా చెప్పి మాన్పించు.

మీ మావయ్య