పాఠం చెప్పే డాక్టరు, పాఠం నేర్పే రోగి



"ఈ పొద్దు డాక్టరు గారు లేరా? కాలేజీలో పాఠం చెప్పనీకి పోయినారా? మేము ఎమ్మిగనూరు నుండి మొదటి బస్సుకే వస్తిమి కదా సిస్టరమ్మా!" అని ఓ.పి. చీటీల దగ్గర కొందరు అడుగుతుంటారు. అది న్యాయమైన ప్రశ్నే. మన రోగులను చూడవలసిన డాక్టరు అప్పుడప్పుడు వైద్య కళాశాలకు వెళ్లి బోధించడం వలన మనకేమి లాభం? ఈ నెల పాఠములో దానిని తెలుసుకుందాం.

1. ఇది కొత్త పద్ధతి కాదు

1953 వరకు ఆదోని బళ్లారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజుల్లో మద్రాసు పెద్దాసుపత్రిలో గౌరవ వైద్యులనేవారు ఉండేవారు. వారు బయట సొంతంగా వైద్యం చేసుకుంటూనే వార్డులో రోగులను చూసేవారు, విద్యార్థులకు బోధించేవారు. మన కర్నూలు వైద్య కళాశాల 1950వ దశకంలో వచ్చింది.

2020లో వచ్చిన జాతీయ నిబంధనలలో కళాశాలకు బయటి నుండి వచ్చి బోధించే అతిథి అధ్యాపకులకు చోటు కల్పించారు. అయితే ఉండవలసిన అధ్యాపకులందరూ ఉండగా, వారికి అదనంగా మాత్రమే వీరిని పెట్టుకోవాలి. ఖాళీలను వీరితో నింపకూడదు. పేరు రిజిస్టరులో ఉండి మనిషి వార్డులో లేకపోతే అది బోధన కాదు. 2025లో మరో మార్పు వచ్చింది. 220 పడకలకు పైగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులను బోధనాసుపత్రులుగా గుర్తించవచ్చు. అక్కడ అనుభవమున్న స్పెషలిస్టులను, నియమాల ప్రకారం, అధ్యాపకులుగా తీసుకోవచ్చు.

2021 మే 31న ఆదోని వైద్య కళాశాలకు శంకుస్థాపన జరిగింది. 2023లో నంద్యాల కళాశాల మొదలైంది. కాబట్టి తెల్లకోటు వేసుకున్న పిల్లలు మీ మంచం చుట్టూ నిలబడే రోజు మన ప్రాంతంలో ఎవరికైనా రావచ్చు.

2. పుస్తకం ఎందుకు చాలదు?

కుండ కొనేటప్పుడు మన అవ్వలు వేలితో తట్టి చూస్తారు. శబ్దాన్ని బట్టి మంచిదో పగులుదో చెప్పేస్తారు. ఆ విద్య వారు పుస్తకంలో చదివింది కాదు. రోగి వీపు మీద తట్టి చూడటం కూడా అలాంటిదే. ఊపిరితిత్తి బాగుంటే గుల్లగా మోగుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే మొద్దుగా వినిపిస్తుంది. అనుభవమున్న డాక్టరు పక్కన నిలబడి, "ఇక్కడ తట్టు, ఇప్పుడు కాస్త కిందికి" అని చూపిస్తేనే విద్యార్థి చేతికి ఆ తేడా తెలుస్తుంది.

మన ఊళ్లలో పని చేసే డాక్టరుకు మన జబ్బులు తెలుసు, మన మాట తెలుసు. ఆయన బోధిస్తే ఆ అనుభవం పదిమంది డాక్టర్లకు అందుతుంది. పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆయన కూడా మళ్లీ చదువుకోవలసి వస్తుంది. ఆ లాభం మన రోగులదే.

3. మేము నేర్చుకున్న పాఠం

మునుపు మేము పని చేసిన ఒక వార్డులో ఎమ్మిగనూరు వైపు నుండి వచ్చిన ఒక నేత పెద్దాయన ఉండేవాడు. ఆయాసం, పక్కలో నొప్పి. ఒక ఉదయం పాఠం కొరకు ఎనిమిది మంది విద్యార్థులు ఆయన చుట్టూ చేరారు. చొక్కా తీయించారు. ఒకరి తరువాత ఒకరు వీపు తట్టారు. మేము తెర వేయలేదు. "మీకు ఇష్టమేనా?" అని ఎవరమూ అడగలేదు. ఆ వార్డు బాధ్యత మాదే గనుక ఆ తప్పూ మాదే.

అందరూ వెళ్లాక ఆయన, "నన్ను తిరునాళ్లలో బొమ్మ మాదిరి చూస్తిరి గదమ్మా. ఒక్క మాట అడిగింటే నేనే సరే అంటుంటి" అన్నాడు. మాకు తల ఎత్తడానికి ముఖం చాలలేదు.

సాయంత్రం వారిలో ఒక అమ్మాయి ఒంటరిగా తిరిగి వచ్చి, "తాతా, కూర్చోమంటారా?" అని అడిగింది. అరగంట మాట్లాడింది. అంతకు మునుపు టి.బి. మాత్రలు మొదలుపెట్టి, రెండు నెలలకు కాస్త నయం కాగానే మానేశానని ఆయన ఆమెకు చెప్పాడు. కేసు షీటులో ఆ సంగతి లేదు. ఆమె డాక్టరు గారికి చెప్పగానే, మందులు ఇంకా పని చేస్తాయో లేదో తెలిపే పరీక్షకు పంపించారు. మధ్యలో మానేస్తే టి.బి. క్రిములు మందులకు లొంగకుండా మారవచ్చు కదా! ఉదయం ఎనిమిది మందికి తెలియనిది, అనుమతి అడిగిన ఒక్కరికి తెలిసింది.

4. మీరు గుర్తుంచుకోవలసినవి

* విద్యార్థులు పరీక్షించే ముందు వారెవరో, ఎందుకు వచ్చారో అడగండి. మీ అనుమతి తీసుకోవాలి.
* ఇష్టం లేకపోతే "వద్దు" అనవచ్చు. దాని వలన మీ వైద్యం ఆగకూడదు.
* తెర వేయమని అడగండి. మగవారు స్త్రీని పరీక్షించేటప్పుడు పక్కన మరొక స్త్రీ ఉండాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఈ మాట ఉంది.
* నొప్పిగా ఉంటే, అలసిపోతే, "ఇక చాలు" అనండి.
* ఒప్పుకుంటే దాచకుండా చెప్పండి. మానేసిన మాత్రలు, నాటు మందు, బీడీ, సారాయి అన్నీ చెప్పండి.
* డాక్టరు గారు బోధనకు వెళ్లే రోజు ఏదో ముందే అడిగి తెలుసుకొని రండి. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి. అయితే ఆయాసం, ఛాతీ నొప్పి, కాన్పు నొప్పులు, పాము కాటు వంటి వాటికి ఆ రోజు కొరకు ఆగవద్దు. వెంటనే దగ్గరి ఆసుపత్రికి రండి, లేదా 108కి ఫోన్ చేయండి.

5. ఇంటిలో చర్చించుకొనుటకు

* మన ఇంటిలో ఎవరైనా మాత్రలు మధ్యలో మానేశారా? డాక్టరుకు చెప్పారా?
* విద్యార్థి మన అవ్వను పరీక్షిస్తానంటే, ఆమెను అడగకుండా మనమే ఒప్పుకుంటామా? లేక ఆమెనే అడుగుతామా?

ఆ అమ్మాయికి తట్టి చూడటం నేర్పింది డాక్టరు గారు. అడిగి కూర్చోవడం నేర్పింది ఆ నేత పెద్దాయన. ఆ పాఠం ఆమెతో పాటు మేమూ నేర్చుకున్నాము. అప్పటి నుండి మా నర్సులు తెర వేసి, రోగిని అడిగి, ఆ తరువాతనే విద్యార్థులను మంచం దగ్గరకు రానిస్తున్నారు.