కొనే ముందు కప్పు కొట్టి వినండి

గోదావరిఖనిలో పాత ఇల్లు బేరానికి వచ్చిందంటే మా చిన్నాయన లేకుండా నేను చూడబోను. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో చేసిన మనిషి. కర్రతో గని కప్పు కొట్టి, గట్టిగా మోగితేనే ముందుకు నడిచిన అలవాటు. ఇంటి స్లాబునూ అట్లాగే కొడతాడు. పోయినేడు చూసిన ఇంట్లో వంటగది కొత్త సున్నంతో తెల్లగా మెరుస్తోంది. ఆయన కర్ర తగలగానే డొల్లగా మోగింది. రెండో దెబ్బకు పెచ్చు ఊడి, తుప్పుతో ఉబ్బిన సలాక బయటపడింది. చిన్నాయన ఏమీ అనలేదు, చెప్పులేసుకున్నాడు.

చేయవలసినవి

గోడలకంటే ముందు ఇంటి కింద ఏముందో కనుక్కోండి. భూగర్భ గనుల్లో మొదట బొగ్గు పిల్లర్లు వదిలి తవ్వుతారు, తర్వాత డీపిల్లరింగ్‌లో వాటినీ తీస్తారు. ఖాళీని ఇసుకతో నింపితే పైన నేల చాలావరకు నిలబడుతుంది. కప్పును కూలనిస్తే నేల కుంగుతుంది. ఈ ఇంటి కిందికి ఏ బాయి వచ్చింది, ఇసుక నింపారా లేదా అని ఆ వాడలో రిటైరైన ఓవర్‌మన్‌నో, సర్దార్‌నో అడగండి. వాళ్లకు ప్యానెళ్లతో సహా గుర్తుంటుంది. మాటతో ఆగకుండా, సర్వే నంబరు రాసి సింగరేణి ఏరియా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని) దగ్గరైతే బ్లాస్టింగ్ వేళ తెలుసుకుని, ఆ సమయానికి ఇంట్లో నిలబడండి. రాళ్లు ఎగిరిపడే ప్రమాదం ఉన్నందున బ్లాస్టింగ్ చోటుకు 500 మీటర్ల లోపలిది ప్రమాద ప్రాంతమే, ఇల్లు అందులో ఉంటే మాత్రం అక్కడ నిలబడకండి. ఇళ్ల దగ్గర కంపనానికి గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్ల మేర పరిమితులు పెట్టింది. పరిమితిలోనే ఉన్నా, ఇప్పటికే పగిలిన గోడ ఎట్లా తట్టుకుంటుందో అక్కడుంటేనే తెలుస్తుంది. క్వారీ అంచు ఇకముందు ఎటు జరుగుతుందో కూడా అడగండి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగి, గోడకు రెండు పక్కలా కనిపించే పగులును తేలిగ్గా తీసుకోవద్దు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే దానికి అడ్డంగా పలచటి గాజుముక్కను సిమెంటుతో అతికించి, తేదీ రాయండి. వానాకాలం దాటేదాకా ఆగగలిగితే మరీ మంచిది. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. ఆ ఇంటి రిపేరుకు పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

చేయకూడనివి

నోటరీ కాగితం చూసి బయానా ఇవ్వకండి. సింగరేణి కంపెనీ స్థలమా, అలాంటి స్థలాల్లోని ఇళ్ల క్రమబద్ధీకరణకు వచ్చిన జీవో 76 కింద పట్టా అయిందా, ఆ పట్టా ఎవరి పేరున ఉంది, అమ్మే హక్కు వాళ్లకుందా అన్నది వకీలుతో తేల్చుకోండి.

పాత సిమెంటు రేకులను సుత్తితో పగలగొట్టకండి, మిషన్‌తో కోయకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. బొగ్గు దుమ్ము మింగి దగ్గుతున్న పెద్దమనిషి ఇంట్లో ఉంటే ఆ పని జరిగే రోజుల్లో ఆయన్ను వేరే ఇంటికి పంపండి. పని తెలిసినవాళ్లతో, మాస్కులు కట్టించి, రేకులు తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దించండి.

హాలు పెద్దది కావాలని మధ్య గోడ పడగొట్టించకండి. స్లాబు బరువు దానిమీదే ఉండొచ్చు. ఇంజనీరు చూసి, కింద సపోర్టులు నిలిపిన తర్వాతే గడ్డపార ఎత్తాలి. “పిల్లర్ తీసేటప్పుడు బాయిలో ఎంత భయంగ ఉంటమో, ఇంట్ల గూడ అంతే ఉండాలె” అంటాడు చిన్నాయన.